కాళ్ళకు కట్టిన ఖరీదు

పదకొండో వారం

మోకాలు పోయిందని ఊరంతా చెప్పుకుంటున్న ఫుట్‌బాల్ ఆటగాడు రాజమల్లు, నాంపల్లి స్టేషన్ ముందు కదిలిపోతున్న బస్సు వెనక పరుగెత్తి, కడ్డీ పట్టుకుని ఎగిరి ఎక్కడం రాధాకృష్ణమూర్తి కళ్ళారా చూసిన దగ్గర పోయినవారం ఆగాం. ఆ పరుగులో కుంటు లేదు సరికదా, ఎదురొచ్చేవాళ్ళు భయపడి పక్కకు తప్పుకునేంత వేగం ఉంది.

మూర్తి ఎండలో అక్కడే నిలబడిపోయాడు. ఆ నెలంతా ఆయన మనసు మనసులో లేదు. కేదార్ బిస్కట్ కంపెనీలో ఆయన అకౌంట్స్ ఆఫీసరు. రాష్ట్రం కలిసిన మరుసటి ఏడు బందరు నుంచి వచ్చి, నాంపల్లిలో రెండు గదులు అద్దెకు తీసుకుని, ఏడేళ్ళుగా అబిడ్స్‌లోని కంపెనీ ఆఫీసుకు నడిచి వెళ్తున్నాడు. యజమాని బాలకిషన్ సేట్ ఆయనకు కంపెనీ ఫుట్‌బాల్ జట్టు కార్యదర్శి పని కూడా అప్పజెప్పాడు. ఆట సంగతి ఆయనకు తెలిసింది తక్కువ. ఎవరిని జట్టులోకి తీసుకోవాలో చూసేది కోచ్ సదాశివ. ఎవరికెంత ఇవ్వాలో చూసేది మూర్తి.

పేరుకు అది అమెచ్యూర్ ఆట. ఆటగాడికి డబ్బివ్వకూడదు. అందుకని ప్రతి జట్టూ కొత్త కుర్రాడికి ఒక నౌకరీ చూపించి, సంతకం రోజున చేతిలో పెట్టే మొత్తాన్ని ‘బూట్ల ఖర్చు’ అని పిలిచేది. ఉత్త కాళ్ళతో ఆడేవాడికి ఇచ్చినా అది బూట్ల ఖర్చే. ఈ ఏడు సేట్ ఇచ్చింది ఆరు వేలు. దాన్ని ఆరుగురికి సర్దుదామన్నాడు మూర్తి. సగం ఒక్క రాజమల్లుకే పెడదామన్నాడు సదాశివ. “ఆరుగురు ఓ మోస్తరోళ్ళు కలిసినా ఒక్క గోల్ కొట్టలేరు మూర్తి సాబ్. మంచోడు ఒక్కడుంటే చాలు” అన్నాడు.

ఆ వాదం తేలకముందే కొత్త తలనొప్పి వచ్చిపడింది. ఖైరతాబాద్ గోల్‌కీపర్ ఇంటికి వీళ్ళు వెళ్ళేసరికి, పోటీ జట్టు నడిపే వామన్‌రావు మిల్లువాళ్ళు ముందే వెళ్ళి, వీళ్ళు అనుకున్నదానికంటే సరిగ్గా వంద ఎక్కువ ఇచ్చి ఒప్పించేశారు. కోఠిలో సెంటర్ హాఫ్ ఆడే కుర్రాడి దగ్గరా అదే జరిగింది. వీళ్ళు ఎంత అనుకున్నారో తెలిసింది ముగ్గురికే. సేట్‌కు, సదాశివకు, మూర్తికి.

తర్వాత ఒకరోజు సదాశివే వచ్చి, రాజమల్లు మోకాలు పోయిందనీ, వాణ్ణి మరిచిపొమ్మనీ చెప్పాడు. మూర్తి నమ్మాడు. ఇప్పుడు ఆ మోకాలు బస్సెక్కి వెళ్ళిపోయింది.

‘నాతో అబద్ధం ఎందుకు చెప్పాడు? ఎవరికి అమ్మజూస్తున్నాడు ఈ కుర్రాణ్ణి?’

ఆఫీసుకు వెళ్ళాల్సిన మనిషి వెనక్కి తిరిగి, స్టేషన్ వెనక సందుల్లోకి నడిచాడు.

రాజమల్లు ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఫుట్‌బాల్ ఆడే రాజమల్లు అంటే ఆ సందులో అందరూ వేలు చూపించారు. గుమ్మం ముందు అతని తల్లి సమ్మక్క రోట్లో మిరపకాయలు దంచుతోంది. బేగంబజార్ దుకాణాలకు కారం కొట్టి ఇవ్వడం ఆమె పని. ఘాటుకు మూర్తి రెండుసార్లు తుమ్మి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

“ఎవరు కావాలె సారూ?”

“రాజమల్లు వాళ్ళ ఇల్లు ఇదేనా అమ్మా? ఫుట్‌బాల్ సంగతి మాట్లాడదామని వచ్చాను.”

ఆమె రోకలి ఆపలేదు. “మావాని మోకాలు పోయింది. ఆడనీకి రాదు. పోయిరాన్రి.”

“మోకాలు పోయినవాడు ఇప్పుడే బస్సు వెంట పరుగెత్తాడమ్మా. నేను చూశాను.”

“బస్సు దొరకకుంటే దవాఖానకు ఎట్ల పోవాలె మరి?” అనేసి, ఏమన్నదో తెలిసి ఆమె రోకలి పట్టుకుని ఆగిపోయింది. మూర్తిని చెప్పుల దగ్గర్నుంచి కళ్ళజోడు దాకా చూసింది. “మిల్లోళ్ళా మీరు?”

“కాదు. కేదార్ కంపెనీ. నా పేరు రాధాకృష్ణమూర్తి.”

“లెక్కల మూర్తి సారువా?” సమ్మక్క ముఖంలో అనుమానం తగ్గలేదు. ఇంకాస్త ఎక్కువైంది. “అయితే అస్సలు చెప్పొద్దు. ఎవ్వరొచ్చినా మోకాలు పోయిందనే చెప్పు, మూర్తి సారు వస్తే మరీ చెప్పు అన్నడు సదాశివ మాస్టర్.”

ఆ మాట మూర్తికి మిరప ఘాటుకంటే ఎక్కువగా తగిలింది. ఏడేళ్ళ స్నేహం. సదాశివ కూతురి పెళ్ళికి మూర్తి భార్య జానకి రెండు రోజులు ముందే వెళ్ళి పిండివంటలు చేసింది.

“నేనూ అదే కంపెనీ మనిషిని కదమ్మా. నా దగ్గర దాచడమెందుకు?”

“గది మీరు మీరు తేల్చుకోన్రి.” ఆమె లోపలికి వెళ్ళి, ఒక పీట తెచ్చి వేసింది. చాయ్ పెట్టి ఇచ్చింది. ఆయన తాగుతుంటే ఎదురుగా నేలమీద కూర్చుంది. ఆమెకు అడగాల్సింది ఒకటుంది. దానికోసమే కూర్చోబెట్టిందని మూర్తికి కాసేపటికి అర్థమైంది.

“ఎట్లాగూ వచ్చినవ్ కాబట్టి అడుగుతున్న సారూ. దవాఖానల వార్డ్‌బాయ్ నౌకరి వాళ్ళ నాయిన సచ్చిపోతే వీనికి ఇచ్చిన్రు. సర్కారు నౌకరి. అది ఇడిసిపెడితేనే మీ కంపెనీ సంతకం అంటున్రు. రేపే సంతకమట. గిప్పుడు వాడు పోయింది డ్యూటీకి గాదు. నౌకరి ఇడుస్తున్నా అని కాయితం ఇయ్యనీకి పోయిండు. నాకు రాత్రంత నిద్రలేదు. లెక్కలు చూసేటోనివి, నీకు తెల్వకుండ ఉండదు. మీ బిస్కట్ల కంపెనీల నౌకరి పక్కాయేనా?”

మూర్తికి ఒక్కసారిగా కొంత ఊరట కలిగింది. సదాశివ కుర్రాణ్ణి మరొకరికి అమ్మడం లేదు. సొంత కంపెనీకే తెస్తున్నాడు. దాచింది తన దగ్గర మాత్రమే. ఆ ఊరటలో ఆయన జవాబు కొంచెం త్వరగా వచ్చింది.

“పక్కానే అమ్మా. మా కంపెనీలో జీతం ఒక్కనెల ఆగడం నేను చూడలేదు. నా మాట నమ్ము.”

సమ్మక్క చేతులు జోడించింది.

*

అబిడ్స్ చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో గోడవైపు బల్ల సదాశివది. ఒకప్పుడు ఊళ్ళో పేరున్న హాఫ్‌బ్యాక్. ఇప్పుడు జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, కూర్చునే తీరు మాత్రం పక్కవాడి కాళ్ళ మీద కన్నేసి ఉంచినట్టే ఉంటుంది. మూర్తి వెళ్ళి ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“రాజమల్లు మోకాలు ఎలా ఉందండీ సదాశివగారూ?”

సదాశివ సాసర్లో పోసుకున్న చాయ్ తాగి, సాసర్ కింద పెట్టాడు. “సమ్మక్క ఇంటికి పోయిన్రా?”

“వెళ్ళాను. మూర్తి సారు వస్తే మరీ దాచమన్నారట.”

“ఔ. అన్న.”

కాదంటాడనీ, బుకాయిస్తాడనీ సిద్ధపడి వచ్చిన మూర్తికి ఆ ‘ఔ’ వినగానే ఒళ్ళు మండింది.

“అంటే నేను దొంగనా?”

“నా జాగల ఉండి చూడున్రి. గోల్‌కీపర్ పోయిండు. సెంటర్ హాఫ్ పోయిండు. మనం వెయ్యి అనుకుంటే ఆళ్ళు పదకొండు వందలు. గా లెక్క గాలికి తెల్వదు కద. నేను చెప్పలే. మరెవరు? మీరు నన్ను అనుమానించలేదా? నిజం చెప్పున్రి.”

మూర్తి అనుమానించిన మాట నిజం. వారం రోజులుగా సదాశివ ఎవరితో మాట్లాడుతున్నాడో, ఏ రిక్షా ఎక్కుతున్నాడో గమనిస్తూనే ఉన్నాడు.

“గందుకే ఒక పని చేసిన” అన్నాడు సదాశివ, గొంతు తగ్గించి. “ముందుగాల రాజమల్లును దాచిన. మైదానంల నాలుగు దినాలు కుంటుకుంట తిరగమన్న. మిల్లోళ్ళు వచ్చిన్రు, చూసిన్రు, నమ్మిన్రు, పోయిన్రు. ఇగ దొంగ ఎవరో తెల్వాలె కద. మీకేం చెప్పిన? చిక్కడపల్లి రైట్ అవుట్‌ను తీసుకుందాం, ఎనిమిది వందలు ఇద్దాం అని చెప్పిన.”

“చెప్పారు.”

“సేట్‌కు గది చెప్పలే. బేగంబజార్ లెఫ్ట్ అవుట్ పేరు చెప్పిన. మీకు ఒక పేరు, ఆయనకు ఒక పేరు. ఎవరింటికి మిల్లోళ్ళు పోతరో చూద్దామని కూసున్న.”

 పక్కబల్ల మీద ఎవరో ఉస్మానియా బిస్కట్లకు కేక వేశారు.

“చిక్కడపల్లికి ఎవ్వడూ పోలే. ఇయ్యాల పొద్దున బేగంబజార్ పిల్లగాడు మిల్లు సంతకం పెట్టిండు. మీ మీద అనుమానపడ్డందుకు మాఫ్ చేయున్రి. మీకు చెప్దామనే మీకోసం చూసుకుంట కూసున్న.”

“సేట్‌గారా?” మూర్తి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “డబ్బు ఆయనది. జట్టు ఆయనది. తన జట్టు ఓడిపోవాలని ఎవరైనా కోరుకుంటారా?”

“గదే నాకూ సమజ్ అయితలేదు. మిల్లోళ్ళ కాడ ఏమన్న తీసుకుంటుండో, ఏందో. ఏదైనా గానీ, రేపు సంతకాలకు ఆఖరు దినం. పొద్దున్నే పిల్లగాణ్ణి తీసుకపోయి నేను పని అయిపోగొడ్త. మీరు ఎప్పటిలెక్క ఆఫీసుకు పోన్రి. సేట్‌కు రాజమల్లు సంతకం సంగతి తెల్వద్దు. ఒక్కసారి సంతకం పడ్డంక ఎవ్వడూ ఏం చెయ్యలేడు.”

మూర్తి తలూపాడు. చాయ్ వచ్చింది. చల్లారిపోయింది.

*

మర్నాడు ఆఫీసులో కూర్చున్నాడన్నమాటే గానీ, మూర్తికి ఒక్క అంకె తలకెక్కలేదు. మేడమీద సేట్ గదిలో ఫోను రెండుసార్లు మోగింది. రెండుసార్లూ తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. ఇంతకుముందు తలుపు వేసుకునేవాడు కాదు. ఎప్పటి నుంచి వేసుకుంటున్నాడు? ఆలోచిస్తే ఇంకొకటి తట్టింది. ఫ్యాక్టరీలో బిస్కట్లు కాల్చే రెండో బట్టీ చల్లారి ఎన్నో రోజులైంది. ఇటుకలు మార్చాలన్నారు, మేస్త్రీ ఇంతవరకు రాలేదు. మైదా బస్తాలు ఏ వారానికావారం సరిపడా మాత్రమే వస్తున్నాయి. ఇవన్నీ ముందే కళ్ళకు కనిపించాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోలేదు, అంతే.

సదాశివకిచ్చిన మాట గుర్తుంది. రాజమల్లు పేరు ఎత్తకూడదు. పేరు ఎత్తకుండానే అడగవచ్చు. మూర్తి లేచి మెట్లెక్కాడు.

బాలకిషన్ సేట్ అరవై దాటిన మనిషి. తాతల నాటి నుంచి ఆ కుటుంబం అబిడ్స్‌లో ఉంది. ఎవరు గదిలోకి వచ్చినా ముందు బిస్కట్ డబ్బా ముందుకు జరపడం అలవాటు. ఇప్పుడు కూడా జరిపాడు.

మూర్తి తీసుకోలేదు. “సేట్‌గారూ, బేగంబజార్ లెఫ్ట్ అవుట్ సంగతి వామన్‌రావుగారికి మీరే చెప్పారా?”

సేట్ డబ్బా మూత మెల్లగా పెట్టాడు. లేచి వెళ్ళి తలుపు గడియ వేశాడు. కోపంగా తిరిగి చూస్తాడనుకున్న మూర్తికి, ఆ ముఖంలో అలసట తప్ప మరేమీ కనిపించలేదు.

“నేనే చెప్పిన. గోల్‌కీపర్ సంగతి, కోఠి పిల్లగాని సంగతి గూడ నేనే చెప్పిన. చెప్పుడు గాదు, తీసుకొమ్మని బతిలాడిన.”

“ఎందుకండీ?”

“కూసో మూర్తీ. కంపెనీ అమ్ముతున్న.”

రోడ్డుమీద ఎవరో హారన్ కొడుతున్నారు. మూర్తి కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాడు.

“నేను లెక్కలు చూస్తున్నాను. అమ్మకాలు కాస్త తగ్గాయి గాని...”

“నువ్వు చూసే లెక్కల అంత మంచిగనే ఉంటది. తక్కువ పడ్డకాడల్లా నా ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చి పోసిన. రెండేండ్ల సంది పోస్తున్న. ఇగ పోసేతందుకు ఏం లేదు. వామన్‌రావు కొంటున్నడు. నూట ఎనభై మంది పనోళ్ళను అట్లనే ఉంచుకుంటనని ఒప్పుకున్నడు. గది కాయితం మీద రాపిచ్చేదాక నేను బేరం ఒప్పుకోలే. గానీ జట్టును ఉంచుకోడు. ఆయనకు జట్టు ఉన్నది కద. ఇంకొకటి ఎందుకు? ఫుట్‌బాల్ పేరుమీద ఈ ఏడు కొత్తగ వచ్చే పిల్లగాండ్లను తీసుకోనని ఖరాఖండిగ చెప్పిండు.”

మూర్తికి మెల్లమెల్లగా అర్థమవుతోంది. 

“మన సంతకం పెట్టినోడు ఏమైతడో ఆలోచించినవా?” అన్నాడు సేట్. “నౌకరి నెల దినాలు గూడ ఉండదు. మన కాడ సంతకం పెట్టిండు గాబట్టి ఏడాదంత ఇంకో జట్టుల ఆడనియ్యరు. ఆటా పోతది, అన్నమూ పోతది. గట్ల ఒక్క పిల్లగాని ఉసురు గూడ నాకొద్దనుకున్న. అందుకే మీరు ఏ పేరు చెప్తే ఆ పేరు వామన్‌రావుకు అందించిన. ముగ్గురు బతికిపోయిన్రు.”

“ఈ ఏడు జట్టుకు డబ్బివ్వనని మాతో చెప్పేస్తే సరిపోయేది కదండీ!”

“చెప్తే పొద్దుగూకే వరకు అబిడ్స్ అంత తెలుస్తది. సోమవారం రిజిస్ట్రేషన్. గప్పటిదాక మాట బైటికి పోవద్దు, కార్ఖానాల గడబిడ అయితే కొననే కొనను అన్నడాయన. మన యూనియన్ కొమురయ్య సంగతి నీకు తెల్వదా? అమ్ముడు మాట చెవుల పడ్డదంటే ఆ క్షణమే బట్టీలు ఆర్పిస్తడు. బేరం పోతే నూట ఎనభై ఇండ్లు పోతయ్.” సేట్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఒక్క రాజమల్లు గురించే ఫికర్ ఉండె. వానిని గూడ తీసుకొమ్మన్న. ఆయన మనుషులు పోయి చూసొచ్చి, మోకాలు పోయింది, పనికిరాడు అన్నరు. సదాశివ గూడ వదిలేసిండు. పోనీ, వానికి సర్కారు నౌకరి ఉన్నది కద, వాడన్న సల్లగ ఉంటడు అనుకున్న.”

మూర్తి లేచి నిలబడ్డాడు. ఎప్పుడు లేచాడో ఆయనకే తెలియదు.

“రాజమల్లు మోకాలు బాగానే ఉంది సేట్‌గారూ. నిన్న నౌకరీకి రాజీనామా ఇచ్చేశాడు. సదాశివగారు వాణ్ణి ఇప్పుడు మన సంతకానికి తీసుకెళ్ళారు.”

 సేట్ ఫోను అందుకున్నాడు. మొదటిసారి నంబరు తప్పు పోయి, మళ్ళీ తిప్పాడు. అవతలి మాటలు మూర్తికి వినిపించలేదు. సేట్ “ఔ, మోకాలు మంచిగనే ఉన్నదట... ఔ, నా పూచీ...” అంటూ పోయాడు. ఫోను పెట్టి, “మిల్లు మనిషి ఆడనే ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆఫీసుల ఉన్నడట” అన్నాడు. “ఆళ్ళ జట్టుల ఇంకొక జాగ ఉన్నదట. పిల్లగాడు మన సంతకం పెట్టకముందే ఆయనకు అప్పజెప్పు. కారణం మాత్రం ఎవ్వరికీ చెప్పొద్దు మూర్తీ. సదాశివకు గూడ. నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు.”

మూర్తి ఒట్టేశాడు.

*

ఫతే మైదాన్ వైపు రిక్షాలో పోతున్నంతసేపూ ఆయనకు మనసు నిలవలేదు. సేట్ చెప్పింది నిజమేనా? లేక ముగ్గురిని అమ్మి, నాలుగోవాణ్ణి తన చేతుల మీదుగానే అమ్మిస్తున్నాడా? చల్లారిన బట్టీ గుర్తొచ్చింది. తప్పు తిప్పిన నంబరు గుర్తొచ్చింది. నిజమే అయ్యుండాలి. అయితే మరి నూట ఎనభై ఇళ్ళు కాపాడతానంటున్న వామన్‌రావు మాటేమిటి? దానికి పూచీ ఎవరు? ఏడేళ్ళుగా ఎవరిని చూసినా నమ్మే మనిషికి ఇప్పుడు రిక్షా తొక్కేవాడు వెనక్కి తిరిగి చూసినా అనుమానమే వచ్చింది.

అసోసియేషన్ గదిలో ఒక పొడుగాటి బల్ల, దాని వెనక గుమాస్తా. బల్లముందు రాజమల్లు ఉతికిన తెల్లచొక్కాలో నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్ళు కూడా నిండని ముఖం. పక్కనే సదాశివ. వెనక గోడ దగ్గర సమ్మక్క, కొంగు భుజం మీదుగా నిండా కప్పుకుని నిలబడింది. కలం అప్పటికే రాజమల్లు చేతిలో ఉంది.

“ఆగు నాయనా, సంతకం పెట్టకు!” అన్నాడు మూర్తి గుమ్మంలోంచే.

అందరూ తిరిగారు. సదాశివ కనుబొమలు ముడిపడ్డాయి. “ఏమైంది మూర్తి సాబ్? మిమ్ముల ఆఫీసుల ఉండమన్న కద.”

“ఒక్కసారి బయటికి రండి. చెప్తాను.”

సదాశివ కదిలేలోపే వరండాలోంచి ఒక సన్నటి మనిషి లోపలికి వచ్చి, మూర్తి దగ్గరగా నిలబడి నవ్వాడు. “మీరేనా మూర్తిగారు? మా మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. మీరు పిల్లగాణ్ణి మాకు అప్పజెప్తున్నరట కద. ఈయనేనా?”

గుమాస్తా కూడా తలెత్తి చూశాడు.

సదాశివ అరవలేదు. అరిస్తే మూర్తికి అంత బాధ ఉండేది కాదు. “గదా సంగతి” అన్నాడు మెల్లగా. “సేట్ ఒక్కడే అనుకున్న. ఇద్దరూ ఒక్కటేనన్న మాట. నిన్న హోటల్ల కూసోని మాఫీ గూడ అడిగిన మిమ్ముల.”

“కాదండీ. మీరనుకుంటున్నది కాదు.”

“అయితే ఏందో గీడనే చెప్పున్రి. అందరి ముందట చెప్పున్రి. ఎందుకొద్దు సంతకం?”

 సేట్ ముందు వేసిన ఒట్టు మూర్తికి అడ్డుపడింది. “కుర్రాడి మంచికే. ఇంతకంటే అడక్కండి.”

“అడగను. పెట్టు బిడ్డా” అన్నాడు సదాశివ రాజమల్లుతో. రాజమల్లు మాస్టర్ ముఖంలోకి ఒకసారి చూసి, కాగితం మీదికి వంగాడు.

“ఆగురా.” సమ్మక్క వచ్చి కొడుకు మణికట్టు పట్టుకుంది. కారం దంచిన చెయ్యి. ఆ పట్టుకు కలం ఆగిపోయింది. ఆమె మూర్తి ముందుకొచ్చి నిలబడింది.

“సారూ, నిన్న నా ఇంట్ల కూసోని చాయ్ తాగినవ్. నౌకరి పక్కా, నా మాట నమ్ము అన్నవ్. నీ మాట నమ్మి నేను వాణ్ణి ఆపలే. వాడు పోయి సర్కారు నౌకరి ఇడిసిపెట్టొచ్చిండు. ఇయ్యాల సంతకం ఒద్దంటున్నవ్. రెండు మాటల్ల ఏది అబద్ధం?”

ఆమె కళ్ళలో కోపం లేదు. తెలుసుకోవాలన్న పట్టుదల ఉంది. ఒకవైపు పేర్లు కూడా అందరివీ తెలియని నూట ఎనభై మంది. ఒకవైపు ఈ ఒక్క మనిషి. లెక్క ప్రకారం ఎటు మొగ్గాలో మూర్తికి తెలుసు. కానీ ఆ ముఖంలోకి చూస్తూ మరో అబద్ధం చెప్పడం ఆయన వల్ల కాలేదు.

“నిన్నటిదే అబద్ధం అమ్మా” అన్నాడు. “నిన్న నాకు తెలియదు. ఇవాళే తెలిసింది. ఫ్యాక్టరీ అమ్మేస్తున్నారు. జట్టు ఉండదు. మీవాడికి నౌకరీ ఉండదు. ఏడాదిపాటు ఇంకెక్కడా ఆడనివ్వరు కూడా. అందుకే వద్దంటున్నాను.”

ఆమెకు మాత్రమే వినపడేలా చెప్దామనుకున్నాడు. తడబడకుండా చెప్పబోతే గొంతు పెద్దదై, మాట గదంతా వినిపించింది.

రాజమల్లు కలం బల్లమీద పెట్టేశాడు. సదాశివ మూర్తి వంక అలాగే చూశాడు. అనుమానం ఆయన ముఖంలోంచి ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా కరిగి, దాని వెనక ఇంకేదో భయం కనిపించింది. పక్కనున్న బెంచీ కోసం చేత్తో తడుముకుని కూలబడ్డాడు. “నేను... నేనే కద కుంటమని చెప్పింది వానికి” అన్నాడు.

మూర్తి మిల్లు మనిషి వైపు తిరిగాడు. “ఇతన్ని తీసుకోండి. మీ కాగితం ఇవ్వండి, ఇప్పుడే సంతకం చేస్తాడు.”

మిల్లు మనిషి నవ్వు పోయింది. సగం బయటికి తీసిన కాగితాన్ని మళ్ళీ సంచీలో పెట్టుకుంటున్నాడు. “జర ఆగున్రి. ఈ మాట బైటికి రావద్దని మా వామన్‌రావు అయ్య ఖాయంగ చెప్పిండు. ముందుగాల ఆయనకు ఫోన్ చెయ్యాలె” అంటూ గుమాస్తా బల్లమీది టెలిఫోన్ వైపు నడిచాడు.

“ఏంది మూర్తి సాబ్?”

ఆ గొంతు గుమ్మంలోంచి వచ్చింది. మూర్తి తిరిగి చూడకుండానే గుర్తుపట్టాడు. ఫ్యాక్టరీ యూనియన్ నాయకుడు కొమురయ్య. జట్టులో ఫుల్‌బ్యాక్ కూడా ఆయనే. కొత్త సెంటర్ ఫార్వర్డ్‌కు స్వాగతం చెప్పడానికి, ఆ పొద్దున్నే సదాశివ చెవిన వేసిన మాట పట్టుకుని, బట్టీ పనివాళ్ళు నలుగురిని వెంటబెట్టుకుని, చేతిలో బంతిపూల దండతో వచ్చాడు. ఎంతసేపట్నుంచి అక్కడ నిలబడ్డాడో తెలియదు.

“ఇంకొకసారి చెప్పు సాబ్. ఏం అమ్ముతున్రు?”

 టెలిఫోన్ దగ్గర మిల్లు మనిషి నంబరు తిప్పుతున్నాడు. బయట, కొమురయ్య వెనక నిలబడ్డ నలుగురిలో ఒకడు అప్పటికే సైకిలెక్కి, ఫ్యాక్టరీ వైపు ప్రాణం పెట్టి తొక్కుతున్నాడు.